బోరబండలో ఈస్టు కులగోత్రాలు

లింగంపల్లిలో ఎమ్.ఎమ్.టి.ఎస్. ఎక్కితే హైటెక్ సిటీ దాటగానే వచ్చే స్టేషను బోరబండ. అద్దాల మేడలు వెనకబడ్డాయో లేదో, ఎత్తుపల్లాల సందులూ, ఒకదాన్నొకటి ఆనుకున్న ఇళ్ళూ మొదలవుతాయి. పొద్దున్నే దిగితే ఇడ్లీబండ్ల ఆవిరి ఎదురొస్తుంది. రాత్రి రుబ్బిన పిండి తెల్లవారేసరికి పొంగిందంటే అది పిలవకుండా వచ్చిన సూక్ష్మజీవుల పుణ్యమే. తాటికల్లూ అంతే, చెట్టుమీద లొట్టిలోనే ఈస్టు పని మొదలుపెడుతుంది.

బీరు సంగతి వేరు. అక్కడ పిలవని ఈస్టు దొంగకింద లెక్క. 1883లో డెన్మార్కులోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో ఎమిల్ క్రిస్టియన్ హాన్సెన్ ఒక్క కణం నుంచి శుద్ధమైన ఈస్టును పెంచింది ఈ దొంగల బాధ పడలేకే.

మా మేనల్లుడు బోరబండలో గది తీసుకొని, హైటెక్ సిటీ దాపున బీరు కాచే హోటల్లో పని చేస్తున్నాడు. (మా అక్కయ్యకు 'హోటల్లో ఉద్యోగం' అన్నంతవరకే తెలుసు.) మొన్న వేసవిలో వాళ్ళ తొట్టిలో బీరు లవంగాల వాసన కొట్టింది, పలచబడింది, పీపాల్లో నురుగు పొంగి పొర్లింది. మేనేజరు చూపు పీపాలు కడిగే కుర్రవాడిమీద పడింది. వాడి తండ్రి నల్లగొండ వైపు కల్లు గీస్తాడు. "వీడి బట్టలకంటుకొని కల్లు ఈస్టు వచ్చింది" అని, మర్నాటి నుంచి రావద్దన్నారు.

మావాడు ఊరుకోలేదు. తొట్టిలో ఈస్టునూ, కుర్రవాడి ఊరి కల్లునూ, అలమారలో మిగిలిన ఈస్టు పొట్లాలనూ పరీక్షకు పంపాడు. మైక్రోస్కోపులో చూస్తే అన్నీ గుడ్డు ఆకారపు కణాలే. డి.ఎన్.ఏ. దగ్గర మాత్రం ఆ దాపరికం సాగదు. ఈస్టు డి.ఎన్.ఏ.లో సుమారు కోటీ ఇరవై లక్షల అక్షరాలున్నాయి. 1996 నాటికే మొత్తం చదివేశారు. అందులో 'డెల్టా' అనే తునకలు అక్కడక్కడా మళ్ళీ మళ్ళీ వస్తాయి. వాటి మధ్య దూరాలు రకానికీ రకానికీ మారతాయి. ఆ నడిమి ముక్కలను పి.సి.ఆర్. పద్ధతిలో లక్షలకొద్దీ పెంచి, జెల్ పలకలో విద్యుత్తుతో నడిపిస్తే చారలు పడతాయి. వేలిముద్రలు పోల్చినట్టే ఇక!

కల్లు చారలు కలవలేదు. తొట్టి చారలు అచ్చుగుద్దినట్టు ఒక పొట్లంతో కలిశాయి. అది అంతకుముందు నెల వాళ్ళే కాచిన బెల్జియం తరహా 'సేజోన్' బీరు ఈస్టు! పైగా ఎస్.టి.ఏ.1 అనే జన్యువు కూడా కనిపించింది. అది ఉన్న ఈస్టు, మామూలు ఈస్టు వదిలేసే డెక్‌స్ట్రిన్‌ను కూడా చక్కెర చేసి తినేస్తుంది; పలచనకూ పొంగుకూ కారణమదే. లవంగాల వాసన పుట్టించే జన్యువులు పెంపుడు బీరు ఈస్టుల్లో చాలావాటికి చచ్చిపడి ఉంటాయి. దీనికి బతికే ఉన్నాయి.

వెతికితే గొట్టం చివరి రబ్బరు వాషరు సందులో దొరికింది మురికి.

కుర్రవాణ్ణి మళ్ళీ పిలిపించారు. పోయిన ఇరవై రోజుల జీతమూ ఇమ్మని మావాడు పట్టుబడితే పది రోజులదే ఇచ్చారట. సేజోన్‌కు ఇప్పుడు వేరే గొట్టం ఉంది. దానికి ఎర్రరంగు పూసి పెట్టింది ఆ కుర్రవాడే.