ఆశలు మోసిన ఆటగాడు

మా పొన్నూరు ప్రాంతంలో ఆట అనగానే ముందుగా స్ఫురించేది కబడ్డీ, ఆ తరువాత క్రికెట్. ఇక ఒంగోలు జాతి ఎడ్ల బండలాగుడు పందేలకు చేరినంత జనం మరే పోటీకీ చేరరు. ఫుట్‌బాల్ మాకు కంటితో చూసే ఆటే గాని కాలితో ఆడే ఆట కాలేదు. నాలుగేళ్లకొకసారి ప్రపంచ కప్పు వచ్చినప్పుడు అర్ధరాత్రి దాకా టీవీల ముందు కూర్చుని బ్రెజిల్ వారినో అర్జెంటీనా వారినో మనవారిగా చేసుకోవడం, పోటీలు ముగియగానే ఆ బంధుత్వాన్ని అటక మీదికి ఎక్కించడం మా అలవాటు.

అటువంటి మాకు కూడా 2019లో ఒక జట్టు దొరికింది. ఆ సంవత్సరం ఆగస్టులో హైదరాబాద్ ఎఫ్‌సి అనే సంస్థ ఏర్పడి, ఇండియన్ సూపర్ లీగ్‌లో పూణే జట్టు ఖాళీ చేసిన స్థానంలో ప్రవేశించింది. రాష్ట్రాలు రెండుగా విడిపోయినా మా ఊరి పిల్లలలో చాలామంది చదువులకూ ఉద్యోగాలకూ హైదరాబాదులోనే ఉంటారు గనుక ఆ జట్టు మాదేనని అనుకోవడానికి ఎవరి అనుమతీ అవసరం లేకపోయింది. మా అక్క కొడుకు అప్పుడు అక్కడ ఇంజనీరింగు చదువుతున్నాడు. పసుపు చొక్కా ఒకటి కొనుక్కుని, దాని ఫొటో నాకు పంపి, “మావయ్యా, ఇక మనకూ ఒక జట్టుంది” అన్నాడు.

నిజానికి హైదరాబాదుకు ఫుట్‌బాల్ కొత్త విద్య కాదు. ఉపాధ్యాయ వృత్తి నుండి వచ్చిన సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. ఆయన తీర్చిదిద్దిన భారత జట్టు 1951లో ఢిల్లీలోనూ 1962లో జకార్తాలోనూ ఆసియా క్రీడల స్వర్ణ పతకాలు సాధించింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. సికింద్రాబాదు దగ్గరి అమ్ముగూడ నుండి వచ్చిన తులసీదాస్ బలరాం ఆ కాలపు గొప్ప ముందువరుస ఆటగాళ్లలో ఒకడు. అభ్యాసానికి రావడానికి బలరాం దగ్గర డబ్బు లేకపోతే రహీం గారే సైకిలు అద్దె ఇచ్చి రప్పించుకునేవారట. ఆ రోజులలో మనకు గోల్ కొట్టేవాడు అద్దె సైకిలు మీద వచ్చేవాడు. 2019 నాటికి విమానంలో రావలసి వచ్చింది. ఈ రెండు ప్రయాణాల నడుమ గల అరవై ఏళ్లలో మన మైదానాలు ఏమయ్యాయన్నది వేరే వ్యాసానికి తగిన విషయం.

విమానంలో వచ్చినవారు సామాన్యులు కారు. బ్రెజిల్ దేశస్థుడైన మార్సెలీన్యో 2016లో ఢిల్లీ జట్టు తరఫున ఆడి ఆ ఏటి లీగ్‌లో అత్యధిక గోల్స్ చేసినవాడు. అదే దేశానికి చెందిన బోబో ఆస్ట్రేలియా లీగ్‌లో సిడ్నీ జట్టుకు 2017–18లో 27 గోల్స్ చేశాడు. అక్కడ అది అప్పటికి రికార్డు. ఇరవై ఏడు! మా మేనల్లుడు ఆ సంఖ్యను ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు. ఎకరానికి ఎన్ని క్వింటాళ్లు దిగుతాయో విత్తనాల సంచి మీది బొమ్మను చూసి అంచనా వేసుకునే రైతు లెక్క అది. బొమ్మలోని మిరపకాయ ఎప్పుడూ ఎర్రగానే ఉంటుంది.

2019 అక్టోబరు 25న కలకత్తాలో జరిగిన తొలి పోటీలో మా జట్టు ఏటీకే చేతిలో 5–0 తేడాతో ఓడింది. నవంబరు 2న గచ్చిబౌలిలోని బాలయోగి క్రీడాప్రాంగణంలో కేరళ బ్లాస్టర్స్ మీద 2–1తో గెలిచినప్పుడు పండుగ చేసుకున్నాం గాని, ఆ రెండు గోల్స్‌లో ఒకటి పెనాల్టీ, మరొకటి ఫ్రీ కిక్. సాగుతున్న ఆటలో నుండి పుట్టిన గోల్ ఒక్కటీ లేదు. ఆ తరువాత ఓటములు వరుస కట్టాయి. జనవరిలో శిక్షకుడు ఫిల్ బ్రౌన్‌ను తొలగించారు. పద్దెనిమిది పోటీలలో రెండంటే రెండే విజయాలు, పది పాయింట్లు. పది జట్లలో పదో స్థానం. సిడ్నీలో 27 గోల్స్ చేసినవాడు ఇక్కడ అందులో సగానికి కూడా చేరలేదు.

ఆ చలికాలం నేను హైదరాబాదు వెళ్లినప్పుడు మేనల్లుడు నన్ను ఒక పోటీకి తీసుకువెళ్లాడు. మా వెనుక వరుసలో కూర్చున్న కుర్రవాళ్లు మొదటి పావుగంట డప్పుల మోతతో పాటలు పాడారు. అరగంట గడిచేసరికి పాటలు సణుగుడుగా, విరామం నాటికి సణుగుడు తిట్లుగా మారాయి. “జీతం కోట్లలో, పరుగు కొట్లలో” అని ఒకడు ప్రాస కలిపాడు. (ప్రాస కుదిరింది గాని అర్థం నాకు ఇప్పటికీ తెలియలేదు.) మరొకడు ఆటను వదిలి ఆ మనిషి దేశం మీదికీ రంగు మీదికీ పోయాడు. మా మేనల్లుడు వెనక్కి తిరిగి, “ఆటను ఎంతైనా అను బ్రదర్, ఆ మాట మాత్రం అనకు” అన్నాడు. ఆ క్షణంలో వాడి చదువు వృథా పోలేదనిపించింది. బయటికి వచ్చాక వాడు కూడా ఆగలేదు. “అంత డబ్బు పోసి తెచ్చింది ఇందుకా మావయ్యా? మన కుర్రవాణ్ణి ఒకణ్ణి నిలబెట్టినా ఇంతకంటే నయం కదా!” అని బస్సులో దారి పొడవునా వాదించాడు.

వాడి కోపం అన్యాయమైనదని నేననను. డబ్బు వాడిది కాకపోయినా ఆదివారాలు వాడివి. కాని ఫుట్‌బాల్‌లో ముందువరుస ఆటగాడి బతుకు విచిత్రమైనది. తొంభై నిమిషాల ఆటలో బంతి అతడి పాదాల దగ్గర ఉండేది చాలా కొద్ది సేపు మాత్రమే. మధ్యవరుసవారు సకాలంలో అందించాలి, పక్కలనుండి సరైన ఎత్తులో బంతి రావాలి, రక్షణవరుస కూలిపోకుండా నిలవాలి. ఆగస్టులో పుట్టిన జట్టు అక్టోబరులో బరిలోకి దిగితే, ఒకరి అడుగు ఒకరికి తెలిసే వ్యవధి ఎక్కడిది? బంతిని అందించవలసిన స్పెయిన్ ఆటగాడు నెస్టర్ గోర్డిల్లో నిషేధం కారణంగా మొదటి నెలలలో ఆడనే లేదు. ఇవేవీ ప్రేక్షకుడి కంటికి కనిపించవు. కనిపించేది గోలు ముందు ఒంటరిగా నిలిచిన మనిషి ఒక్కడే.

పెద్ద ఊళ్లలోనూ ఈ కథ జరిగింది. 2011 జనవరిలో ఇంగ్లండులోని చెల్సీ జట్టు ఐదు కోట్ల పౌండ్లు చెల్లించి లివర్‌పూల్ నుండి ఫెర్నాండో టోరెస్‌ను తెచ్చుకుంది. అతడు ఆ జట్టుకు తొలి గోల్ చేయడానికి మూడు నెలలు పట్టింది. ప్రపంచ కప్పు గెలిచిన స్పెయిన్ జట్టు సభ్యుడు నవ్వులపాలయ్యాడు. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో బార్సిలోనా నగరంలో, చాంపియన్స్ లీగ్ సెమీఫైనల్ చివరి క్షణాలలో, అతడే ఒంటరిగా పరుగెత్తి గోల్ చేసి చెల్సీ ఫైనల్ ప్రవేశాన్ని ఖాయం చేశాడు. నవ్వినవారే లేచి నిలబడ్డారు.

ఈ మాటలన్నీ నేను సంక్రాంతికి ఊరు వచ్చిన మేనల్లుడికి చెబుతుండగా మా బావగారు విన్నారు. ప్రత్తిపాడు వైపు ఆయనకు మిరప తోట ఉంది. ఏటా కోతలకు కర్నూలు వైపునుండి కూలీలు పిల్లాపాపలతో వచ్చి పొలాల పక్కనే పాకలు వేసుకుంటారు. “వచ్చిన వారంలోనే కోత చూసి ముఠాను తీసేసే ఆసామి ఎప్పుడూ బాగుపడలేదురా. కొత్త నీళ్లు పడాలి, కొత్త చోట నిద్ర పట్టాలి. ఆ తరువాత గదా చెయ్యి ఆడేది!” అన్నారాయన. మేనల్లుడు ఊరుకోలేదు. “మీ కూలీలకు కోట్లు ఇవ్వరు కదా నాన్నా, బయానా ఎంతో ఆశా అంత” అన్నాడు. ఆ మాటకు బావగారు నవ్వి, తాలు కాయలు ఏరడంలో మునిగిపోయారు. ఆ వాదంలో ఎవరు నెగ్గారో తేల్చడం నా వల్ల కాలేదు. కాని మరి రెండేళ్లకు మేనల్లుడు తాను కూడా ఉద్యోగం కోసం పరాయి దేశం వెళ్లి, మొదటి ఆరు నెలలూ అక్కడి పై అధికారి ముఖంలో తన విలువను వెదుక్కుంటూ ఫోను చేసినప్పుడల్లా, నాకు ఆ పాకలూ గచ్చిబౌలి మెట్లూ కలిసే గుర్తుకు వచ్చేవి.

జట్టు మాత్రం తేరుకుంది. మనోలో మార్కెజ్ శిక్షకుడిగా వచ్చి కుర్రవాళ్లను నమ్మాడు. 2021లో నైజీరియాకు చెందిన బార్తొలోమ్యూ ఓగ్బెచే చేరాడు. పదిహేడేళ్ల వయసులోనే 2002 ప్రపంచ కప్పు ఆడిన అతడికి అప్పటికి ముప్పై ఏడో ఏడు నడుస్తోంది. ముసలివాణ్ణి తెచ్చారని గొణిగినవారున్నారు. అతడు ఆ సీజనులో 18 గోల్స్ చేసి లీగ్‌లో అందరికంటే ముందు నిలిచాడు. 2022 మార్చి 20న గోవాలో కేరళతో జరిగిన ఫైనల్‌లో అతడికి గోల్ దక్కలేదు. 88వ నిమిషంలో సాహిల్ తవోరా స్కోరు సమం చేయగా, గోల్‌కీపర్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపి కప్పు తెచ్చిపెట్టాడు. మేనల్లుడు ఆ రాత్రి పరాయి దేశంలోనే పసుపు చొక్కా వేసుకుని ఫోనులో ఏడ్చాడు.

ఆ వైభవం నిలవలేదు. 2023 తరువాత జీతాల బకాయిలతో విదేశీ ఆటగాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. జట్టు మళ్లీ అట్టడుగుకు దిగింది. 2025లో అది ఢిల్లీకి తరలి వేరే పేరు పెట్టుకుంది. ఆ వార్త వచ్చిన రోజున మేనల్లుడు అర్ధరాత్రి నాకొక సందేశం పంపాడు: “మావయ్యా, ఇప్పుడు తిట్టుకుందామన్నా ఎవరూ లేరు. బోబో ఉన్నా బాగుండేది.”