ఓడెక్కే ముందు...

సియాటెల్ చుట్టుపక్కల ఉద్యోగాలు చేసుకునే తెలుగువాళ్లకి ఏప్రిల్ ఆఖర్నుంచి అక్టోబరు దాకా ఓ వేడుక. అలాస్కా వెళ్లే పెద్ద పెద్ద ఓడలు ఆ సీజన్‌లో వాళ్ల గుమ్మం ముందునుంచే బయల్దేరతాయి మరి! వారం రోజులు సముద్రం మీదే. కిటికీలోంచి మంచుకొండలు, అదృష్టం బాగుంటే తిమింగలాలు. మూడు పూటలు కాదు, ఆరు పూటలా తిండి. ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తున్నారంటే నయాగరా తర్వాత పిల్లలకి ఇప్పుడు గుర్తొచ్చేది ఇదే.

రాజమండ్రిలో రిటైరైన ఓ లెక్కల మాస్టారి కొడుక్కీ అదే ఆలోచన వచ్చింది. ఆగస్టు ప్రయాణానికి డిసెంబరులోనే టికెట్లు తీసేసి, వీడియో కాల్‌లో ఓడ బొమ్మ చూపించాడు. మాస్టారు కళ్లజోడు సవరించుకుని అంతస్తులు లెక్కపెట్టడం మొదలుపెట్టారు. ఆవిడ మాత్రం ఒక్కటే అడిగింది.

''లైఫ్ జాకెట్ ఇస్తారా నాన్నా?''

కొడుకూ కోడలూ నవ్వేశారు. కానీ గోదావరి ఒడ్డున ఉండేవాళ్ల నోట ఆ మాట వస్తే నవ్వడానికేం లేదు. 2019 సెప్టెంబరు 15న పాపికొండలు చూడ్డానికి బయల్దేరిన బోటు కచ్చులూరు దగ్గర మునిగిపోయింది. ఆ రోజుల్ని ఆ ఊళ్లో ఎవరూ మర్చిపోలేదు. కోడలు సంగతి గ్రహించి నవ్వాపుకుంది. ''ఇస్తారత్తయ్యా. ఓడ కదిలేముందే అందరికీ డ్రిల్లు కూడా ఉంటుంది. ప్రమాదమొస్తే ఎక్కడికి రావాలో, జాకెట్ ఎలా కట్టుకోవాలో చెబుతారు'' అంది. నిజమే. 1912లో టైటానిక్ మునిగాక, 1914లో ఓడ ప్రయాణికుల రక్షణకి కొన్ని దేశాలు కూర్చుని తొలి ఒప్పందం రాసుకున్నాయి. ఆ తర్వాత చాలాకాలం ప్రయాణికులు ఎక్కిన ఇరవై నాలుగ్గంటల్లోపు డ్రిల్లు పెడితే సరిపోయేది. 2012 జనవరిలో ఇటలీ తీరంలో కోస్టా కాంకోర్డియా ఒరిగిపోయి 32 మంది చనిపోయాక ఆ గడువు తీసేశారు. ఇప్పుడు బయల్దేరేముందో, బయల్దేరిన వెంటనేనో అది పూర్తవ్వాల్సిందే. ఈ కబురు విన్నాక ఆవిడ కాస్త కుదుటపడింది. 'ఎవరో మనలాంటి భయస్తులే ఆ రూలు పెట్టించి ఉంటారు' అని కూడా అంది.

అసలు చిక్కు నీళ్లలో కాదు, కాగితాల్లో వచ్చింది. ఓడ బయల్దేరేది అమెరికాలో. చూపించేది అలాస్కా... అదీ అమెరికానే. దిగేది మళ్లీ సియాటెల్‌లోనే. మాస్టారికీ ఆవిడకీ పదేళ్ల అమెరికా వీసా ఉండనే ఉంది. ఇంక కావలసిందేముంది? అని కొడుకు ధీమా. తీరా ప్రయాణం వివరాలు చదివితే, చివర్లో ఓ సాయంత్రం ఓడ కెనడాలోని విక్టోరియాలో ఆగుతుందని ఉంది. నాలుగైదు గంటలే. కానీ ఆ నాలుగైదు గంటలకీ భారత పాస్‌పోర్టుకి కెనడా వీసా కావాలి. అది లేకపోతే సియాటెల్‌లోనే ఓడ ఎక్కనివ్వరు. కొడుకూ కోడలిదీ గ్రీన్‌కార్డు కాబట్టి వాళ్లకి వీసా అక్కర్లేదు. అందుకే ముందు తట్టలేదు.

''కెనడాలో మనకేం పని? ఆపకుండా వచ్చేయమను'' అన్నారు మాస్టారు. అలా కుదరదు. అమెరికాలో 1886 నాటి చట్టం ఒకటుంది. విదేశంలో రిజిస్టరైన ఓడ అమెరికా రేవులో జనాన్ని ఎక్కించుకుని, ఏ పరాయి దేశపు రేవునీ తాకకుండా మళ్లీ అమెరికాలో దించకూడదు. పెద్ద క్రూజ్ ఓడలేమో చాలావరకూ బహమాస్, పనామా లాంటి చోట్ల రిజిస్టరైనవి. అందుకే ఆ మొక్కుబడి మజిలీ! కరోనా కాలంలో కెనడా రేవులు మూసేస్తే, అలాస్కా ఓడలు తిరగడానికి 2021లో అమెరికా ప్రత్యేకంగా చట్టం చేసి మినహాయింపు ఇవ్వాల్సొచ్చింది. మాస్టార్లిద్దరి వీసాకీ తాత్కాలిక మినహాయింపులేం లేవు కాబట్టి ఫిబ్రవరిలో హైదరాబాద్ వెళ్లి వేలిముద్రలు ఇచ్చొచ్చారు. మనిషికి ఫీజు 100 కెనడా డాలర్లు, వేలిముద్రలకి మరో 85. ఇద్దరికీ కలిపి ఇరవై వేల రూపాయలు దాటింది. ఆ సాయంత్రాన్ని నిమిషాలతో భాగించి, నిమిషానికి ఎంత పడుతుందో డైరీలో రాసుకున్నారాయన. అలవాటైన పని.

టికెట్ ధరలో కలవని ఖర్చులు ఇలాంటివి ఇంకా ఉంటాయి. ఓడలో పనివాళ్లకి టిప్పులు చాలా కంపెనీలు మనిషికి రోజుకింతని లెక్కగట్టి బిల్లులో వేసేస్తాయి. ఇప్పుడది పదిహేను నుంచి ఇరవై డాలర్ల దాకా ఉంటోంది. ఇంటర్నెట్‌కి వేరే. ఒడ్డున చూపించే వింతలకి వేరే. ఫోన్ ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టకపోతే ఓడ నెట్‌వర్క్ పట్టుకుని గుండె గుభేల్‌మనే బిల్లు వేస్తుంది.

వంటింటి గొడవ వేరు. ఆవిడ జాబితాలో మొదటిది చిన్న రైస్ కుక్కర్. రెండోది ఆవకాయ. వేడిచేసే కరెంటు సామాను... కుక్కరైనా, కెటిలైనా, ఇస్త్రీపెట్టైనా ఓడలోకి రానివ్వరు. నిప్పు భయం. ఇంట్లో చేసిన తినుబండారాలూ వద్దంటారు. సీలు తీయని ప్యాకెట్లయితే సాధారణంగా ఒప్పుకుంటారు. ''అయితే వారం రోజులూ ఏం తింటారే మీ మావయ్యగారు?'' అని ఆవిడ బెంగ. కోడలు ముందే శాకాహారమని రాయించింది. గుడ్డు కూడా వద్దని విడిగా చెప్పింది. అక్కడ ఆ మాట విడిగా చెప్పకపోతే కష్టం. చాలా ఓడల్లో పప్పూ కూరా కావాలంటే ముందురోజు రాత్రే వడ్డించేవాళ్లకి చెప్పుకోవాలట. అన్నం, చప్పటి పెరుగు ఎలాగూ దొరుకుతాయి. ''ఇంకేం, పెరుగన్నం ఉంటే చాలు'' అని మాస్టారు తేల్చేశారు. ఆవిడ మాత్రం కందిపొడి సీలు ప్యాకెట్లు నాలుగు తెప్పించమని కోడలికి చెప్పిగానీ వదల్లేదు.

ఇన్సూరెన్సు మాట వచ్చింది మార్చిలో. పిల్లల్ని చూడ్డానికి వెళ్లే పెద్దవాళ్లకి తీసే పాలసీల్లో చాలావాటికి పాత జబ్బులు వర్తించవు. కొన్ని పాలసీలు మాత్రం పాత జబ్బు ఉన్నట్టుండి ముదిరితే కొంత ఇస్తాయి. పైగా సముద్రం మీదా, కెనడాలోనూ అది పనిచేస్తుందో లేదో విడిగా చూసుకోవాలి. ఓడలో డాక్టరుంటారు. వైద్యం చేసి బిల్లు గది ఖాతాలో వేస్తారు. తర్వాత ఇన్సూరెన్సు వాళ్లతో మనమే తేల్చుకోవాలి. మరీ పెద్ద కష్టమైతే తర్వాతి రేవులో దించడమో, హెలికాప్టరులో తరలించడమో. ఇదంతా చదివి కొడుకు ఆదివారం పొద్దున్నే అడిగాడు... ''నాన్నగారూ, బీపీ కాకుండా ఇంకేమైనా ఉందా?''

''ఏం లేదురా'' అన్నారు మాస్టారు. ఆవిడ పక్కనే కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. చెయ్యి ఆగింది.

''స్టెంటు వేశారు నాన్నా. రెండేళ్లయింది.''

కార్తీకంలో పుష్కరఘాట్ మెట్ల మీద మాస్టారు కూలబడ్డారు. పక్కింటాయన ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లారు. నాలుగు రోజులున్నారు. ఆ నాలుగు రోజులూ ఇంట్లో నెట్ పోయిందని కొడుక్కి చెప్పారు. అప్పుడే అతను కొత్త ఉద్యోగంలో చేరాడు. తెలిస్తే అన్నీ వదిలేసి వచ్చేస్తాడని భయం. ఆ తర్వాత చెప్పడానికి సందర్భం దొరకలేదు. తగ్గిపోయిందాన్ని ఇప్పుడెందుకులే అనుకున్నారు.

కొడుకు ఏమీ అనలేదు. ''మళ్లీ చేస్తా'' అని ఫోన్ పెట్టేశాడు. ఆ పూట మాస్టారు ఆవిడతో మాట్లాడలేదు. సముద్రానికి ఆవలున్న పిల్లల ఇళ్లలో ఇలాంటి 'నెట్ పోయిన' రోజులు ఎన్ని ఉంటాయో. ఇక్కడివాళ్లు వాళ్లని కంగారుపెట్టడం ఇష్టం లేక దాస్తారు. అక్కడివాళ్లు వీళ్ల నిద్ర చెడగొట్టడం ఇష్టంలేక దాస్తారు. ప్రేమేననుకోండి. కానీ నడిసముద్రంలో డాక్టరు 'పాత జబ్బులేమైనా ఉన్నాయా' అని కొడుకుని అడిగితే ఆ ప్రేమ అక్కరకు రాదు.

మర్నాడు కొడుకు ఫోన్ చేసి తిట్టలేదు. ముందుగా పక్కింటాయన నంబరు అడిగి తీసుకున్నాడు. తర్వాత ప్రయాణం మానేద్దామా అన్నాడు. ''మానేయడమెందుకు? డాక్టర్నే అడుగుదాం'' అన్నారు మాస్టారు, ఆ ఇంట్లో అందరికంటే మామూలుగా. డాక్టరు పరీక్షలు చేసి, వెళ్లొచ్చన్నారు. మందుల పేర్లూ, స్టెంటు వివరాలూ ఇంగ్లిషులో టైపు చేసిన ఉత్తరం ఇచ్చారు.

దాంతో ఏర్పాట్లు మారాయి. ఓడ చివర్లో తీసుకున్న గదిని మధ్యకి, కింది అంతస్తులో లిఫ్టు దగ్గరికి మార్చారు. అక్కడ ఊగుడూ తక్కువే. సియాటెల్ ఓడలు చాలామటుకు వాంకూవర్ దీవికి పడమరగా బాహ్య సముద్రంలోంచి వెళ్తాయి కాబట్టి ఆ భాగంలో అలల తాకిడి ఎక్కువ. జూనోలో హెలికాప్టరెక్కి హిమానీనదం మీద దిగే సరదా రద్దయింది. బదులుగా స్కాగ్వేలో రైలు. బంగారం వేటకి జనం ఎగబడిన రోజుల్లో మొదలుపెట్టి 1900లో పూర్తిచేసిన కొండదారి అది. కూర్చున్నచోట నుంచే లోయలన్నీ చూడొచ్చు. మందులు రెండు జతలు. ఒకటి మాస్టారి చేతిసంచిలో, ఒకటి కోడలి దగ్గర. పెద్ద పెట్టెలు రేవులో అప్పగిస్తే గదికి చేరేసరికి సాయంత్రమవుతుంది. దిగేముందు రాత్రి మళ్లీ పెట్టెలు గది బయట పెట్టేయాలి. పొద్దున కట్టుకోవాల్సిన బట్టలు కూడా అందులో సర్దేసి, నైట్ డ్రెస్సులో ఓడ దిగేవాళ్లు ప్రతి ట్రిప్పులోనూ ఒకరిద్దరైనా ఉంటారంటారు.

కెచికాన్‌లో వాన ఎప్పుడూ ఉండేదే కాబట్టి గొడుగుల కంటే రెయిన్‌కోట్లు మేలన్నారు. చీర కింద థర్మల్స్ వేసుకోవడానికి ఆవిడ ఒప్పుకుంది, మంకీ క్యాప్‌కి మాత్రం ససేమిరా అంది. ఆగస్టు మొదట్లో జూనోలో పొద్దు తొమ్మిది దాటాకే గుంకుతుందని తెలిసి, సంధ్య వార్చడం ఎన్నింటికని మాస్టారు పంచాంగం ముందేసుకుని కూర్చున్నారు.

కెనడా వీసాలు ఏప్రిల్‌లో వచ్చాయి. జూన్‌లో ప్రయాణం. పెట్టెలు సర్దిన రాత్రి మాస్టారు బీరువా పైఅరలో పాత పంచాంగాల కింద దాచిన ఆసుపత్రి ఫైలు తీసి, దుమ్ము దులిపి, పాస్‌పోర్టులున్న సంచిలో అన్నిటికంటే పైన పెట్టారు. ఆవిడ చూసి, తన సుగర్ రిపోర్టు కూడా తెచ్చి అందులో పెట్టింది. దాని సంగతి మాస్టారికి కూడా తెలీదు.