అడుగని మరమ్మతు

ఈ సంచికకు ఏదైన వ్రాయుడని సంఘమువారు కోరినపుడు మేము కొంత సంకోచించితిమి. నాయకరాజుల చరిత్రమును, మన వంశముల వలసకథలను వ్రాయజాలిన పండితులు మనలో కలరు. మేము చదివినది ఎస్.ఎస్.ఎల్.సి.; చేసినది 36 సంవత్సరముల గుమాస్తాపని. కావున మాకు తెలిసిన విషయమునే విన్నవింతుము. అది పెద్ద విషయము కాదు. ఇంటిలోని కంప్యూటరుతో, అందులోని బ్రౌజరుతో మేము పడిన అగచాట్లు. కాని ఆ అగచాట్లలో మా చిన్నమ్మ పాటలు పోయినవి. అందువలననే వ్రాయబూనితిమి.

మా ఊరు వాడిపట్టి. మధురనుండి దిండిగల్లునకు పోవు దారిలో, సిరుమలై కొండలకు చేరువగా, పెరియారు కాలువ నీటితో వరి పండు సీమ. 16వ శతాబ్దమున విశ్వనాథనాయకుడు మధుర నేలిన నాటినుండి తెలుగు కుటుంబములు ఈ ప్రాంతమునకు వచ్చి నిలిచినవి. మే మింట మాటలాడునది తెలుగు. బడిలో, కచేరిలో, అంగడిలో తమిళము. తమిళము మాకు అన్నము పెట్టిన భాష. దానిపై మాకెట్టి కినుకయు లేదు. కాని 2006వ సంవత్సరపు శాసనముతో 10వ తరగతి వరకు తమిళము తప్పనిసరి పాఠ్యమైన పిదప, తెలుగక్షరము నేర్చుటకు మా పిల్లలకు బడిలో తావు మఱింత తగ్గినది. మా నాయన పెద్దబాలశిక్షను ముందుంచుకొని మాచేత అక్షరములు దిద్దించెను. మా మనుమరాలికి ఆ అక్షరములు మొదట కనబడినది కంప్యూటరు తెరమీదనే.

ఆ తెరమీదికి తెలుగు ఊరక రాలేదు. 1991లో వెలువడిన యూనికోడు మొదటి కూర్పులోనే తెలుగునకు స్థానము దొరకినను, ఆ పిమ్మట చాల ఏండ్లు తెలుగు పత్రికలు కొన్ని తమ సొంత అక్షరముల అచ్చునే వాడుచుండెడివి. ఆ అచ్చు మన యంత్రములో లేనిచో పత్రిక తెఱచినంతనే పిచ్చిగీతలు కనబడెడివి. ఆ కాలమున ఫైర్‌ఫాక్సు బ్రౌజరునకు ‘పద్మ’ అను పొడిగింత యొకటి వచ్చి, ఆ గీతలను యూనికోడు తెలుగుగా మార్చి చూపెడిది. పొడిగింత యనగా బ్రౌజరునకు తగిలించుకొను చిన్న తోడుపనిముట్టు. గొర్రునకు జడ్డిగము తగిలించినట్లు. 2003లో తెలుగు వికీపీడియా మొదలైనది. నిఘంటువులును, పాత గ్రంథములును ఒక్కొక్కటిగ తెరకెక్కినవి. తెలుగు పుస్తకశాల కంటికి కనబడని మావంటివారికి గ్రంథాలయము గడపలోనికి వచ్చినట్లయ్యెను.

మా కంప్యూటరు మా అబ్బాయి వాడి విడిచినది. దాని జ్ఞాపకశక్తి 2 జీబీ. మొదట చక్కగ పనిచేసినది. ఏండ్లు గడచినకొలది, బ్రౌజరు తెఱచుకొనులోపల మా ఇల్లాలు కాఫీ కాచి తెచ్చెడిది. మూడు పుటలు తెఱచిన చాలును, యంత్రము ఎండలో ఎద్దువలె రొప్పెడిది. కారణమేమని అబ్బాయి నడిగితిమి. 2008లో క్రోము బ్రౌజరు వచ్చినపుడు ఒక్కొక్క పుటను ఒక్కొక్క వేఱు గదిలో నుంచు పద్ధతి తెచ్చిరట. ఒక గది కూలినను తక్కినవి నిలుచును. 2018లో భద్రత కొఱకు ఆ గోడలను ఇంకను గట్టిపఱచినపుడు జ్ఞాపకశక్తి ఖర్చు నూటికి 10 మొదలు 13 పాళ్లు పెరుగునని ఆ సంస్థవారే చెప్పిరి. గదులు పెరిగిన ఇంటికి స్థలము పెరుగవలెను గదా! మా స్థలము మాత్రము 2 జీబీయే.

ఇక అసలు సంగతి. మా చిన్నమ్మ పెండ్లిపాటలు, జోలపాటలు, నాట్లపాటలు పాడెడిది. అవి మేము చూచిన ఏ పుస్తకమందును లేవు. 2019 మొదలుకొని ఆమె చెప్పగా మేము 27 పాటలు వ్రాసికొంటిమి. ఇంగ్లీషు మీటలు నొక్కిన తెలుగక్షరములు పడునట్లు చేసి, వ్రాసినదానిని తనలోనే దాచియుంచు పొడిగింత యొకటి మాకు దొరకినది. అందులోనే అన్నియు వ్రాసితిమి. కాగితముమీద ఏమియు వ్రాయమైతిమి. యంత్రము కాగితముకన్న గట్టిదని మా నమ్మకము.

2021లో చిన్నమ్మ కాలము చేసెను. 2022లో ఒకనాటి ఉదయము బ్రౌజరు తెఱచితిమి. రాత్రికి రాత్రి అది తన్నుతాను మార్చుకొనియుండెను. మీటల స్థానములు మాఱినవి. పొడిగింత బొమ్మ బూడిదరంగునకు తిరిగినది. ఇది ఇకపై పనిచేయదని ఒక మాటయు, దాని క్రింద తొలగించుటకు ఒక మీటయు కనబడినవి. తొలగించి మరల తగిలించుకొనిన బాగుపడునని తలచి మీట నొక్కితిమి. పొడిగింతయు, దానిలో దాచిన 27 పాటలును ఒక్కసారిగ పోయినవి. మీట నొక్కిన వ్రేలు మాదే. ఆ సంగతి దాచము. కాని నొక్కినయెడల లోని సరకుకూడ పోవునని ఒక్క ముక్క చెప్పియుండినచో నొక్కియుండెడివారము కాము.

“చిన్నవ్వ పాటలు యాడికి పోయినాయి తాతా?” అని మనుమరాలు అడిగినది. మాకు బదులు దొరకలేదు.

ఇంత జరిగినను మార్పులే వలదని మేము అనము. 2017 మే నెలలో వానాక్రై అను దుష్టకార్యక్రమము దేశదేశముల వ్యాపించినపుడు ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖవారి కంప్యూటర్లు కొన్ని దాని వాత పడినవి. ఆ లోపమునకు మరమ్మతు మార్చి నెలలోనే వెలువడినది. దానిని వేసికొననివారే నష్టపడిరి. కాలువకు గండి పడినపుడు ప్రతి రైతు సమ్మతికై కాచుకొని యుండరు, వెంటనే పూడ్తురు. క్రోమువారు 2010లో 6 వారముల కొక క్రొత్త కూర్పు తెచ్చు పద్ధతి పెట్టి, 2021లో దానిని 4 వారములకు తగ్గించిరి. ఫైర్‌ఫాక్సువారు 2017 నవంబరులో 57వ కూర్పుతో పాతపద్ధతి పొడిగింతలను నిలిపివేసిరి. వేగము, భద్రత కారణములని చెప్పిరి. అవి కల్లలు కావు.

ఐనను గండి పూడ్చుట వేఱు, ఆ నెపమున గట్టుమీది చెట్టు నఱకి పోవుట వేఱు. మా కచేరిలో ఏప్రిల్ 1వ తేదీన క్రొత్త లెడ్జరు తెఱచునపుడు, పాత లెడ్జరులోని నిలువలన్నియు దింపి, సరిచూచి, పై అధికారి సంతకము చేసిన పిమ్మటనే పాతది బీరువాకు పోయెడిది. ఒక్క రూపాయి తేడా వచ్చినను రాత్రివరకు కూర్చుండి వెదకెడివారము. ఎస్.ఎస్.ఎల్.సి. చదివిన గుమాస్తాలకు తెలిసిన ఈ నియమము మహామేధావులు కట్టిన యంత్రములలో లేకపోవుట మాకు వింతగ నున్నది. భద్రతకు వలయు మరమ్మతును అడుగకయే చేయుడు. ఇంటి సామానుల స్థానమును మార్చుటకు మాత్రము మమ్మడుగుడు. ఒక పనిముట్టును నిలుపునపుడు అందులోని మా సరకును మాచేతికిచ్చి నిలుపుడు. పాత యంత్రము చెత్త కాదు. చాల ఇండ్లలో ఉన్నదదియే. మా విన్నపము ఇంతే.

ఆ తరువాత మేము ఊరకుండలేదు. చిన్నమ్మ కూతురింటికి పలుమారులు పోయి, ఆమె జ్ఞాపకమునుండి 11 పాటలు పూర్తిగను, 4 పాటలు సగముసగముగను రాబట్టితిమి. తక్కిన 12 పాటలు పోయినట్లే. ఇప్పుడు 200 పుటల నోటుపుస్తకములో సిరాతో వ్రాయుచున్నాము. మనుమరాలు వ్రాయును, మేము దిద్దుదుము. పిదప దానిని సాదా ఫైలుగ కంప్యూటరులో నొకటి, పెన్‌డ్రైవులో నొకటి ఉంచుచున్నాము. తెరమీద చూచి గుర్తుపట్టుటయే తప్ప చేతితో వ్రాయనేరని ఆ బిడ్డకు ఈ పాటలమూలమున ఒత్తులును, గుడులును కుదిరినవి. నష్టములో మాకు దక్కిన లాభమిది.

చదువరులకు మా మనవి యొకటి. మీ ఇండ్లలో పాటలెఱిగిన పెద్దలుండినచో, ఈ ఆదివారమే కాగితమును కలమును తీసికొని వారిముందు కూర్చుండుడు. కంప్యూటరులోనికి తరువాత ఎక్కింపవచ్చును. మఱియు సగము దొరకిన మా 4 పాటలలో ఒకటి నాట్లపాట. మామిడితోపు గట్టున మఱదలు అలుకపూనిన కథ. మొదటి చరణము మాత్రమే దక్కినది. తక్కిన చరణములు మీలో నెవరింటనైన వినబడుచున్నచో సంఘమువారిద్వారా మాకు తెలుపగోరెదము. నోటుపుస్తకములో ఆ పాటకొఱకు రెండు పుటలు విడిచియుంచితిమి.