మూడో ఊళ్లో కొత్త కాపురం

అన్న చొక్కా తమ్ముడికొస్తుంది. తమ్ముడికి బిగుతైతే పిన్నిగారబ్బాయికి వెళ్తుంది. భుజం దగ్గర నాలుగు కుట్లు, చేతుల దగ్గర ఓ మడత... అంతే, వేసుకున్నవాడికి అది కొత్త చొక్కానే! రైళ్లు కూడా అలా చేతులు మారుతుంటాయంటే నమ్ముతారా? అదీ జపాన్‌లో!

జపాన్ అనగానే మనకు బుల్లెట్ రైలే గుర్తొస్తుంది. కానీ టోక్యోకి తూర్పున దాదాపు వంద కిలోమీటర్ల దూరంలో, సముద్రం ఒడ్డున చోషి అనే ఊరుంది. చేపల రేవుకీ, సోయాసాస్‌కీ పెట్టింది పేరు. అక్కడి చోషి ఎలక్ట్రిక్ రైల్వే మొత్తం పొడవు 6.4 కిలోమీటర్లు. స్టేషన్లు పది. ఈ చివర ఎక్కితే ఇరవై నిమిషాల్లో ఆ చివర దిగిపోవచ్చు. 1923లో మొదలైన ఈ బుల్లి రైల్వేకి కొత్త రైలు కొనే స్తోమత ఎక్కడిది? పెద్ద కంపెనీలు వాడి పక్కన పెట్టినవే దానికి దిక్కు.

2010లో అక్కడికొచ్చిన రైళ్లనే చూడండి. 1960 ప్రాంతంలో కెయో అనే కంపెనీ టోక్యో ఉద్యోగులను ఆఫీసులకు చేరవేయడానికి వాటిని చేయించుకుంది. పాతికేళ్ల తరువాత అవి షికోకు దీవిలోని ఇయో రైల్వేకి వెళ్లాయి. అక్కడో చిక్కు. కెయోలో పట్టాల మధ్య దూరం 1,372 మిల్లీమీటర్లు, ఇయోలో 1,067. అందుకే పెట్టెలు ఉంచి కింద చక్రాల అమరికంతా మార్చారు. తరువాత ఓ మధ్య పెట్టెకు డ్రైవర్ గది కూడా కట్టారు. దాంతో రైలు ఓ చివర పాతకాలపు గుండ్రటి మొహం, మరో చివర బల్లపరుపు మొహం! మరో పాతికేళ్లకు ఆ రూపంతోనే చోషి చేరాయి. మూడో ఊళ్లో కొత్త కాపురం.

పాతదైనా రైలు రైలే. నిర్ణీత కాలానికి విప్పి, తనిఖీ చేసి తీరాలన్నది చట్టం. 2006లో ఆ ఖర్చుకే డబ్బుల్లేకుండా పోయాయి. మాజీ అధ్యక్షుడు సంస్థ సొమ్ము కాజేసిన వ్యవహారంతో ఖజానా అప్పటికే ఖాళీ. సిబ్బందికి గుర్తొచ్చినవి 1995 నుంచి తాము అమ్ముతున్న నురే సెంబే. అంటే మన చెక్కల్లాంటి బియ్యప్పిండి బిళ్లలు. కాల్చిన వెంటనే సోయాసాస్‌లో ముంచుతారు. కరకరలాడవు, మెత్తగా సాగుతాయి. రైలు మరమ్మతు డబ్బు సంపాదించాలి, దయచేసి ఇవి కొనండి అని తమ వెబ్‌సైట్‌లో దాపరికం లేకుండా రాసేశారు. అంతే! దేశం నలుమూలల నుంచీ ఆర్డర్లు వెల్లువెత్తాయి. తనిఖీ గండం గట్టెక్కింది.

2014 జనవరిలో ఆ పాత రైళ్లలో ఒకటి పట్టాలు తప్పింది. బాగుచేయించడానికి మళ్లీ డబ్బుల్లేవు. ఈసారి ఊళ్లోని కామర్స్ హైస్కూల్ పిల్లలు ముందుకొచ్చి విరాళాలు సేకరించారు. 2015లో ఆ రైలు మళ్లీ కదిలింది. తాతల వయసున్న రైలుకు మనవళ్లు వైద్యం చేయించారన్నమాట.

ఆ సంస్థను 2012 నుంచి నడిపిస్తున్న కత్సునోరి తకెమోతో వృత్తిరీత్యా పన్నుల లెక్కలు చూసే మనిషి. ఆయన రైలు నడిపే లైసెన్సూ తెచ్చుకున్నారు. కష్టాలను దాచుకోవడం కన్నా నవ్వుతూ చెప్పుకోవడమే ఆ సంస్థ పద్ధతి. జపాన్‌లో 'ఉమాయి బో' అంటే రుచికరమైన పుల్ల అనే చిరుతిండి ప్రసిద్ధం. చోషి రైల్వే 2018లో 'మజుయి బో' తెచ్చింది. మజుయి అంటే రుచిలేనిదనీ, పరిస్థితి బాగాలేదనీ రెండర్థాలు. రుచి బాగానే ఉంది, బాగాలేనిది మా వ్యాపారమే అని చమత్కారం!

2024 మార్చిలో మరో పాత రైలు వచ్చింది. ఒసాకా ప్రాంతంలోని నంకాయి కంపెనీ కోయాసాన్ కొండదారి కోసం 1969 ప్రాంతంలో చేయించిన రకమది. 1,500 వోల్టులకు అలవాటుపడిన ఆ రైలును చోషి తీగల్లోని 600 వోల్టులకు తగ్గట్టు మార్చుకున్నారు. పట్టాలను తాకకుండా దూసుకెళ్లే అత్యాధునిక రైలును జపాన్‌లో 'లినియర్ మోటార్ కార్' అంటారు. చోషివాళ్లు తమ యాభై ఏళ్లు దాటిన రైలుకు ముద్దుగా ఏం పేరు పెట్టారో తెలుసా?

'సీనియర్ మోటార్ కార్'!