నాలుగు దెబ్బల్లో మంచిది

మొన్న సంక్రాంతికి కొండపాకలో, మక్క కోసిన చెలకలో, అరవై దాటిన ఎనిమిది మందిమి రెండు జట్లుగా చిర్రగోనె (గిల్లీదండ) ఆడాం. గుంత దగ్గర నుంచి చిర్ర పడిన చోటి దాకా గోనెతో కొలవాలంటే మా నడుములు వంగలేదు. పిల్లలే కొలిచి పెట్టారు.

అలా జట్లుగా ఆడుతుంటే నాకు హైదరాబాద్ గోల్ఫ్ గుర్తొచ్చింది. గోల్కొండ నయా ఖిల్లాలో, హతియాన్ అనే ముసలి చెట్టు ఉన్న చోట, 18 గుంతల మైదానం ఉంది. పెద్దవాళ్లు జట్లు కట్టి ఆడే పద్ధతుల్లో స్క్రాంబుల్ అంటే నాకెంతో ఇష్టం. జట్టులోని నలుగురూ కొడతారు, బాగా పడిన బంతిని ఎంచుకుని, తర్వాతి దెబ్బ అందరూ అక్కడి నుంచే కొడతారు. మోకాళ్లు పట్టేసినాయన బంతి పొదల్లో పడ్డా జట్టుకు నష్టం లేదు. దగ్గరి నుంచి మెల్లగా గుంతలోకి నెట్టే ఒక్క దెబ్బ ఆయనకు కుదిరితే, ఆ పూటంతా ఆయనదే. పైగా హ్యాండిక్యాప్ ఉంది: ఆటగాడి స్థాయిని బట్టి లెక్కలోంచి కొన్ని దెబ్బలు తీసేస్తారు. అక్కడ తక్కువ దెబ్బలకు గెలుపు, మాకు ఎక్కువ గోనెలకు.

మా జట్టులో మా బావకు చెయ్యి వణుకుతుంది. మూడుసార్లు గోనె ఊపాడు, చిర్రకు తగల్లేదు. "ఇంకోపారి కొట్టు బావా, ఏం గాదు" అన్నారు అవతలి జట్టువాళ్లే. చిన్నప్పుడు అర గోనె దూరానికి కొట్లాడినవాళ్లు! నాలుగోసారి తగిలింది. పన్నెండు గోనెలు పోయింది.

రెండు గోనెల తేడాతో ఓడిపోయాం. బావ ఆ చిర్రను జేబులో వేసుకుని ఇంటికి తీసుకెళ్లాడు.