కారణమెరిగిన పాదం

మనం నేర్చే విద్యలలో అధికభాగం కన్నులకూ చేతులకూ చెందినవే. పాదాలకు నడకను మించిన పనిని అరుదుగా అప్పగిస్తాం. నర్తకులు, గుంటమగ్గం మీద నేసే నేతగాండ్రు మాత్రం పాదాలకు కూడా ఆలోచన నేర్పుతారు. ఇంట్లో కంప్యూటరు ముందు కూర్చుని, సిమ్యులేటరులో హెలికాప్టరు నడపడం అభ్యసించిన తరువాత, ఆ వరుసలో హెలికాప్టరు చోదకుణ్ణి కూడా చేర్చాలని నాకు తోచింది.

విమానయానాన్ని యథాతథంగా అనుకరించే సాధనమే సిమ్యులేటరు. నా కుడిచేతికి సైక్లిక్ అనే కర్ర, ఎడమచేతికి కలెక్టివ్ అనే మీట, పాదాల కింద రెండు పెడళ్ళు ఉంటాయి. సైక్లిక్ హెలికాప్టరును ముందుకో వెనుకకో పక్కకో నడిపిస్తుంది. కలెక్టివ్ పైకెత్తుతుంది, కిందికి దింపుతుంది. దాని ముక్కు ఏ దిక్కుకు తిరిగి ఉండాలో నిర్ణయించేవి పెడళ్ళు. వినడానికి ఇది చిన్న పనిగానే కనిపిస్తుంది. కాని కొత్తవారి ఓర్పును అన్నిటికంటె ఎక్కువగా పరీక్షించేది ఇదే.

కారణం మనం భౌతికశాస్త్రంలో చదువుకున్నదే. ప్రతి చర్యకూ సమానమైన ప్రతిచర్య ఉంటుందని న్యూటన్ చెప్పాడు. ఇంజను ప్రధాన రోటరును ఒకవైపు తిప్పితే, హెలికాప్టరు దేహం రెండవవైపు తిరగబోతుంది. ఇగోర్ సికోర్‌స్కీ 1939లో ఎగురవేసిన వి.ఎస్.-300లో ఈ తిరుగుడును తోక చివరనున్న చిన్న రోటరు అడ్డుకున్నది. నేటికీ అధికసంఖ్యాకమైన హెలికాప్టర్లు ఆ పద్ధతినే అనుసరిస్తున్నాయి. ఆ తోక రోటరు బలాన్ని హెచ్చించేవి, తగ్గించేవి మన పాదాలే.

ఇక్కడే అసలు చిక్కు ఉన్నది. కలెక్టివ్‌ను ఎత్తిన ప్రతిసారీ ఇంజను మీద భారం పెరుగుతుంది. దానితో తిరుగుడు బలమూ పెరుగుతుంది. కాబట్టి చేయి కదిలినప్పుడల్లా పాదమూ కదలాలి. నిజమైన హెలికాప్టరులో ముక్కు తిరగడాన్ని దేహం కూడా పసిగడుతుంది. కదలని కుర్చీలో ఆ సూచన అందదు. కన్ను చూసి, మనసు గ్రహించి, పాదం కదిలేసరికి ఆలస్యమవుతుంది. ఆ ఆలస్యాన్ని పూడ్చాలని గట్టిగా తొక్కితే ముక్కు అటునుంచి ఇటు ఊగిపోతుంది. అందుచేత నేను మడమలు నేలకు ఆనించి, పెడళ్ళ స్ప్రింగు బిగువు తగ్గించి, చూపును దూరపు దిగంతం మీద నిలిపి సాధన చేశాను. పాదాన్ని అంగుళాలతో కాక, ఒత్తిడితో కదపడం అలవాటైంది. కొన్ని వారాలకు హెలికాప్టరు నేలకు కొద్ది అడుగుల ఎత్తున నిశ్చలంగా నిలిచినప్పుడు కలిగిన ఆనందం చెప్పనలవి కాదు.

అయితే అలవాటు మాత్రమే చాలదని మరొక అనుభవం తెలిపింది. మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్‌లో 2022 నవంబరులో రెండు హెలికాప్టర్లు చేరాయి. ఒకటి బెల్ 407, రెండవది ఫ్రాన్సు దేశపు కాబ్రీ జి2. పైనుంచి చూస్తే బెల్ రోటరు అపసవ్యదిశలో తిరుగుతుంది. బలం పెంచినప్పుడు దానికి ఎడమ పెడల్ కావాలి. కాబ్రీ రోటరు సవ్యదిశలో తిరుగుతుంది. దానికి కుడి పెడల్ కావాలి. మన దేశంలో హిందుస్థాన్ ఏరోనాటిక్స్ సంస్థ నిర్మించిన చేతక్ కూడా ఫ్రెంచి నమూనాయే కాబట్టి దాని రోటరు తిరిగేదీ సవ్యదిశలోనే.

‘చేయి ఎత్తితే ఎడమ కాలు’ అని వల్లెవేసినవానికి కాబ్రీ శత్రువుగా కనిపిస్తుంది. అతని నేర్పే అతనికి అడ్డు వస్తుంది. రోటరు తిరిగే దిక్కును చూసి, దేహం ఎటు తిరగబోతుందో ఊహించగలవానికి మాత్రం రెండూ ఒకే సూత్రానికి రెండు ఉదాహరణలు. కాబ్రీ ఎక్కేముందు నేను ఆ సూత్రాన్ని మనసులో ఒకసారి మననం చేసుకుంటాను. ఆ క్షణకాలపు ఆలోచన గంటల సాధనను కాపాడుతుంది.

ఇంజను హఠాత్తుగా ఆగిపోతే పరిస్థితి మరింత తీవ్రం. తిప్పే బలమే లేనప్పుడు అంతవరకు ఎడమ పెడల్ మీద ఉంచిన ఒత్తిడే బెల్ ముక్కును ఎడమకు తిప్పేస్తుంది. వెంటనే కలెక్టివ్‌ను దించి, కుడి పెడల్‌ను నొక్కాలి. పుస్తకం తిరగేసే వ్యవధి అప్పుడు ఉండదు. సిమ్యులేటరులో నేల కూలినా ఒక్క మీట నొక్కి తిరిగి ఎగరవచ్చు. ఆకాశంలో ఆ అవకాశం లేదు.

పరీక్షకు వల్లించిన సమాధానం, ప్రశ్న మారగానే మూగబోతుంది. అర్థమైన విషయం, ప్రశ్న ఏ రూపంలో వచ్చినా పలుకుతుంది. సాధన పాదానికి వేగాన్నిస్తే, జ్ఞానం దానికి దిక్కును చూపుతుంది. ఈ రెండూ కలిసినప్పుడే విద్య మనదవుతుంది.