పిత్రార్జితమును అమ్మని కొండ ఊరు

రొమేనియా దేశములోని అపుసేని కొండలలో రోషియా మొంటానా అను పాత ఊరిని మేము చూచాము. క్రీ.శ. 106లో ఆ ప్రాంతమును జయించిన రోమీయులు బంగారము కొరకు అక్కడి కొండలను తొలిచారు. వారి సొరంగములు సుమారు 7 కిలోమీటర్లు నేటికీ ఉన్నవి. మెట్లు దిగి, గోడలపై ఉలి గాట్లను తాకి చూచాము. పైన పాత ఇండ్లు, వేర్వేరు సంఘముల ఆలయములు, సమాధుల తోటలు ఉన్నవి.

ఒక కంపెనీ అక్కడి గనిని ఎంతో పెంచి, నాలుగు కొండలను తవ్వి, సైనైడుతో బంగారము తీయాలని ఇండ్లు కొనసాగింది. అనేకులు అమ్మి వెళ్లిపోయారు. వారిని నిందింపలేము, బిడ్డలను పోషించుకోవాలి గదా! కొందరు మాత్రము నాబోతువలె పిత్రార్జితమును అమ్మమన్నారు. 2000లో అదే దేశములోని బాయా మారే వద్ద గని కట్ట తెగి, సైనైడు నీరు నదులలో కలిసి చేపలు చచ్చిన సంగతి వారికి తెలుసు. 2013లో వేలాది ప్రజలు వారి పక్షముగా వీధులలో నిలిచారు. 2021లో యునెస్కో ఆ స్థలమును ప్రపంచ వారసత్వముగా గుర్తించింది.

నాబోతు ప్రాణమే పోగొట్టుకున్నాడు; ఈ కొండలు నిలిచాయి. ప్రియులారా, మన పొలమునకు, చెరువునకు మనము గృహనిర్వాహకులమే. వాటిని చెడకుండా బిడ్డలకు అప్పగించుటకు దేవుడు మనకు ధైర్యమిచ్చును గాక!